1.2 పెట్రోల్ బండికి ఇంకాస్త పికప్ కావాలి, ఇంజన్ మాత్రం పాడవకూడదు. దారి ఉందా?

గంటస్తంభం_72
బండి 1.2 లీటర్ పెట్రోల్, నాలుగు సిలిండర్లు, 2018 మోడల్. కాగితం మీద 82 హార్స్‌పవర్, 113 న్యూటన్ మీటర్లు. పేరు చెప్పను. చెబితే ఆ కంపెనీ ఫ్యాన్సూ ఎదుటి కంపెనీ ఫ్యాన్సూ వచ్చి ఇక్కడే కొట్టుకుంటారు. విజయనగరం నుంచి శ్రీకాకుళం ఒక్కడినే వెళ్తే వంక పెట్టడానికి లేదు. ఇంటిల్లిపాదినీ ఎక్కించి, ఏసీ వేసి అరకు బయల్దేరితే మాత్రం ఎస్.కోట దాటి ఘాట్ మొదలైన దగ్గర్నుంచి నరకమే. మూడో గేరులో మూలుగుతుంది, రెండో గేరులో అరుస్తుంది. మొన్న టైడా దగ్గర ఆర్టీసీ బస్సు హారన్ కొట్టి మరీ నన్ను దాటిపోయింది. వెనక సీట్లోంచి మా బావమరిది, "బావా, దిగి తొయ్యమంటావా?"

రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చడం) అంటున్నారు, కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (చల్లగాలి లాగే గొట్టం) అంటున్నారు, ఫ్రీ ఫ్లో సైలెన్సర్ (పొగకి అడ్డు తక్కువ ఉండేది) అంటున్నారు. ఒకాయన పాతిక వేలిస్తే ఇరవై హార్స్‌పవర్ గ్యారంటీ అన్నాడు. ఈ బండి ఇంకో ఆరేడేళ్లు వాడాలి. ఏది చేయించమంటారు?

చీపురుపల్లి_కుర్రోడు
ఫ్రీ ఫ్లో వేయించు గురూ. పవర్ వచ్చినా రాకపోయినా ఆ మోతకి బస్సు డ్రైవరే సైడ్ ఇచ్చేస్తాడు.

సాలూరు_డీజిల్
పెట్రోల్ బండికి ఘాట్‌తో పనేటి బాబూ? సుంకి ఘాట్‌లో పది టైర్ల లారీ ఫుల్ లోడుతో ఎక్కిపోతాది, మీరు ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని ఏడుస్తున్నారు. అమ్మేసి డీజిల్ కొనండి.

బొబ్బిలి_వీణ
@సాలూరు_డీజిల్ ఆ లారీ ఎంత స్పీడులో ఎక్కుతుందో కూడా చెప్పండి. దాని వెనక ఉండేది మేమే.

సాలూరు_డీజిల్
నెమ్మదిగానే. కానీ ఆగదు.

మెకానికల్_మేష్టారు
ఇరవై హార్స్‌పవర్ గ్యారంటీ అన్నాయన్ని ఒక్క ప్రశ్న అడగండి: అదనంగా గాలి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంజన్‌లో పవర్ అంటే కాలిన పెట్రోలు. పెట్రోలు కాలాలంటే గాలి కావాలి. మీది టర్బో (గాలిని బలవంతంగా లోపలికి నెట్టే పరికరం) లేని ఇంజన్, అంటే పిస్టన్ కిందికి దిగినప్పుడు తనంత తాను పీల్చుకున్న గాలే గతి. 1197 సీసీలో పట్టే గాలి రీమ్యాప్ చేసినంత మాత్రాన పెరగదు. సాఫ్ట్‌వేర్‌లో మార్చగలిగింది ముఖ్యంగా రెండే. స్పార్క్ ఎప్పుడు పడాలి, పెట్రోలు ఎంత కొట్టాలి. నాసి పెట్రోలుకీ, మే నెల ఎండకీ తట్టుకోవాలని కంపెనీవాళ్లు అందులో కొంత వెసులుబాటు ఉంచుతారు. రీమ్యాప్ చేసేవాడు ఆ వెసులుబాటునే తోడుకుంటాడు. బాగా చేసినా ఐదు నుంచి ఎనిమిది శాతం. మీ 82 మీద నాలుగో, ఆరో వస్తాయి. ఇరవై అంటే దాదాపు పాతిక శాతం. టర్బో లేని బండికి ఒట్టి ల్యాప్‌టాప్‌తో అంత రాదు.

ఇక అసలు సంగతి. ఆ 82 వచ్చేది 6000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర. టార్క్, అంటే తిప్పే బలం, 113 వచ్చేది 4200 దగ్గర. టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి, వాటిని 1.34తో గుణిస్తే హార్స్‌పవర్. 2000 ఆర్‌పీఎం దగ్గర మీ ఇంజన్ ఓ 100 న్యూటన్ మీటర్లు ఇస్తుందనుకుందాం. లెక్క కడితే 28 హార్స్‌పవర్. అదే 4200 దగ్గర 67. మూడో గేరులో మూలుగుతోందంటే మీరు ఆ 28తో ఘాట్ ఎక్కుతున్నారు. రెండులో అరుస్తోందంటే అది పని చేస్తోందని అర్థం.

గంటస్తంభం_72
మేష్టారూ, అంత ఆర్‌పీఎంలో తిప్పితే ఇంజన్ పాడైపోదా? మా నాన్నగారు రెండు వేలు దాటితే ఒప్పుకునేవారు కాదు.

మెకానికల్_మేష్టారు
నాన్నగారి కాలం బండ్లకి ఆ మాట సరిపోయేది. మీ ఇంజన్‌కి ఎర్ర గీత 6000 పైన ఉంటుంది. ఆయిల్ వేడెక్కాక, గ్రేడూ లెవలూ సరిగ్గా ఉంటే, 4000 అన్నది దానికి రోజువారీ పనే. ఇంజన్‌ని ఎక్కువ కష్టపెట్టేది ఎదురు తప్పు. పెద్ద గేరులో 1500 దగ్గర యాక్సిలరేటర్ నేలకి తొక్కి పట్టడం. నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి టకటకమనడం) వచ్చేదీ, బేరింగుల మీద బరువు పడేదీ అప్పుడే.

వంశధార_గట్టు
మేష్టారు ఎత్తు సంగతి వదిలేశారు. అరకు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన. టర్బో లేని ఇంజన్‌కి వెయ్యి మీటర్లకి దాదాపు పది శాతం పవర్ పోతుంది, పైన గాలి పలచన కాబట్టి. దాని మీద ఏసీ కంప్రెసర్ ఇంకొంత లాగేసుకుంటుంది. ఇక బరువు చూడండి. ఖాళీ బండి ఓ 870 కిలోలు ఉంటుందనుకుంటే టన్నుకి 94 హార్స్‌పవర్. మనుషులూ సామానూ కలిపి 400 కిలోలు ఎక్కిస్తే టన్నుకి 65కి పడిపోతుంది. అది కూడా ఎత్తునీ ఏసీనీ తీసివేయకముందు లెక్క.

చీపురుపల్లి_కుర్రోడు
అంటే బావమరిదిని దింపేస్తే హార్స్‌పవర్ పెరిగినట్టే. పైసా ఖర్చు లేని మాడిఫికేషన్.

గంటస్తంభం_72
@చీపురుపల్లి_కుర్రోడు ఆయన దిగుతాడు గానీ, మా ఆవిడ కూడా దిగిపోతుంది. అప్పుడు నేను అరకు దేనికి?

పలాస_జీడిపప్పు
రీమ్యాప్‌ని మరీ తీసిపారేయకండి. నాది టర్బో డీజిల్, చేయించాను. పలాస నుంచి ఇచ్ఛాపురం వైపు హైవే మీద నాలుగో గేరు మార్చకుండానే లారీల్ని దాటేస్తోంది. మైలేజీ కూడా ఏం తగ్గలేదు. చేయించినవాడికి తెలుస్తుంది తేడా, లెక్కలు కట్టేవాళ్లకి కాదు.

మెకానికల్_మేష్టారు
@పలాస_జీడిపప్పు మీ మాటకీ నా మాటకీ గొడవ లేదు. మీది టర్బో. అక్కడ సాఫ్ట్‌వేర్ బూస్ట్ పెంచగలదు, అంటే గాలినే పెంచగలదు. అందుకే టర్బోకి ఇరవై శాతం పైన వస్తుందంటే నమ్ముతాను. గంటస్తంభం గారికి ఆ పప్పులుడకవు.

అయితే ఒక ముచ్చట. ఫియట్ 1.3 మల్టీజెట్, 1248 సీసీ, ఒకప్పుడు మన రోడ్ల మీద సగం డీజిల్ కార్లలో అదే ఉండేది. 75 హార్స్‌పవర్, 190 న్యూటన్ మీటర్లు. అదే ఇంజన్ 90 హార్స్‌పవర్‌తో కూడా వచ్చింది. దానికి కంపెనీవాళ్లు సాఫ్ట్‌వేర్ మార్చి ఊరుకోలేదు, వేరియబుల్ జామెట్రీ టర్బో పెట్టారు. పదిహేను హార్స్‌పవర్ కోసం టర్బోనే మార్చారంటే ఊరికే చేయరు కదా. పెట్రోల్లోనూ అంతే. ఒకే కంపెనీలో 998 సీసీ మామూలు ఇంజన్ 67 ఇస్తుంది, 998 సీసీ టర్బో ఇంజన్ 100 ఇస్తుంది, టార్క్ 89 నుంచి 148కి పోతుంది. కానీ రెండోదానికి డైరెక్ట్ ఇంజెక్షన్ సహా అన్నీ వేరే. మొదటిదానికి టర్బో బిగించేస్తే రెండోది అయిపోదు.

బోనెట్_కింద
రాజాం దగ్గర షెడ్డు ఉంది నాకు. పికప్ లేదని వచ్చే బండ్లలో చాలావాటికి పవర్ పెంచక్కర్లేదు. పోయిన పవర్ వెనక్కి తెస్తే చాలు. గంటస్తంభం గారూ, పాతిక వేలు జేబులోనే ఉంచండి, ముందు ఇవి చూపించండి.

బ్రేకులు. పది పదిహేను కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆపండి. నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి జాగ్రత్తగా దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికన్నా సెగ కక్కుతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. జాకీ ఎత్తి చేత్తో తిప్పితే ఖాయంగా తెలుస్తుంది. భోగాపురం, కళింగపట్నం వైపు ఉప్పు గాలికి హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి లివర్ దించినా పూర్తిగా వదలదు.

క్లచ్. చదునైన ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 50 దగ్గర ఒక్కసారి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు పైకి లేచి స్పీడు లేవకపోతే క్లచ్ జారుతోంది.

ఎయిర్ ఫిల్టర్ ఒక్కటి చూసి మూసేయడం కాదు, డబ్బా మొత్తం విప్పించండి. పల్లెల్లో ఆపే బండ్లలో ఎలకలు గూడు కడతాయి. గడ్డి, గోనె పీచు, ఒక బండిలో అయితే చంటిపిల్లాడి సాక్సు దొరికింది.

ప్లగ్గులు నాలుగూ తీసి వరసగా గుడ్డ మీద పెట్టించి మీ కళ్లతో చూడండి. నాలుగూ ఒకే నంబరువా? గ్యాపు మాన్యువల్లో చెప్పినంత ఉందా? ఒకటి నల్లగా, మూడు గోధుమరంగులో ఉంటే ఆ ఒక్క సిలిండర్ దగ్గర కాయిల్ గానీ ఇంజెక్టర్ గానీ తేడా చేస్తోంది. థ్రాటిల్ బాడీ లోపల అంచున నల్లటి జిగురు పేరుకుంటుంది, క్లీనర్ కొట్టి గుడ్డతో తుడిస్తే పోతుంది.

ఇవన్నీ బాగుండి కూడా లాగకపోతే కంప్రెషన్ గేజీ పెట్టించండి. అంకె ఎంత వచ్చిందన్న దానికన్నా నాలుగు సిలిండర్లూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం.

వంశధార_గట్టు
దీనికి తోడు ఒక ఓబీడీ రీడర్ కొనుక్కోండి. స్టీరింగ్ కింద పోర్టులో పెడితే ఫోన్‌కి బ్లూటూత్‌లో అన్నీ చూపిస్తుంది. లాంగ్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్ (ఇంజన్ కంప్యూటర్ పెట్రోలుని ఎంత శాతం పెంచి తగ్గించి సర్దుతోందో చెప్పే అంకె) సున్నాకి అటూ ఇటూ ఐదు లోపల ఉంటే హాయి. ప్లస్ పది దాటిందంటే ఎక్కడో దొంగ గాలి దూరుతోంది, లేదా పెట్రోలు చాలినంత రావడం లేదు. ఆఫీసు పని చేసుకునే నాకే ఇది అర్థమైందంటే మీకెందుకు కాదు?

పలాస_జీడిపప్పు
ఆయనడిగింది పవర్ పెంచడం. మీరంతా కలిసి సర్వీసింగ్ చేయించుకోమంటున్నారు. అది మా పెదనాన్న కూడా చెబుతాడు.

బోనెట్_కింద
@పలాస_జీడిపప్పు మీ పెదనాన్నని షెడ్డుకి పంపండి, పనిలో పెట్టుకుంటాను. ఇంతకీ మీ బండి క్లచ్ ఎలా ఉంది? రీమ్యాప్ తర్వాత మొదట చేతులెత్తేసేది అదే. కంపెనీ క్లచ్ కంపెనీ టార్క్‌కి తగ్గట్టు వేసింది.

పలాస_జీడిపప్పు
క్లచ్ మార్చాను. అది వేరే విషయం.

బొబ్బిలి_వీణ
😂😂

సాలూరు_డీజిల్
వేరే విషయం కాదు బాబూ, అదే విషయం.

పలాస_జీడిపప్పు
సరే, నవ్వుకోండి. కానీ టర్బో ఉండి చేయించుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వినండి. ఎక్కువ ఇచ్చే మ్యాప్ కాకుండా తక్కువ ఇచ్చే మ్యాప్ అడగండి. పాత ఫైలు కాపీ మీ దగ్గర పెట్టుకోండి, వెనక్కి వెయ్యాల్సి వస్తే అదే దిక్కు. ముందు టర్బో గొట్టాలు చూపించండి, ఇంటర్‌కూలర్ గొట్టం చిన్న చీలిక ఉన్నా నల్ల పొగ కక్కి లాగడం మానేస్తుంది, దాని మీద మ్యాప్ వేసి లాభం లేదు. ఈజీఆర్ మూసేస్తాం, డీపీఎఫ్ పీకేస్తాం అనేవాడి దగ్గరికి వెళ్లొద్దు. పొల్యూషన్ కంట్రోల్ సామాను పీకడం చట్టవిరుద్ధం. కొత్త క్లచ్ వేశాక నాకు ఏ ఇబ్బందీ లేదు, మళ్లీ అడిగినా చేయించే తీరతాను.

నాగావళి_లా
చట్టం మాట ఎవరో ఎత్తుతారని ఎదురుచూస్తున్నాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం అనుమతి లేని మార్పుకి యజమానికి ఒక్కో మార్పుకీ ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఫ్రీ ఫ్లో వేసుకుని విజయనగరం గంటస్తంభం దగ్గర తిరిగితే కనిపెట్టడానికి కానిస్టేబుల్‌కి పరికరం కూడా అక్కర్లేదు, చెవులు చాలు. రీమ్యాప్ బయటికి కనబడదు, నిజమే. పెద్ద యాక్సిడెంట్ అయి ఇన్సూరెన్స్ సర్వేయర్ తవ్వడం మొదలుపెడితే మాత్రం చెప్పకుండా చేయించిన మార్పు మీ మెడకే చుట్టుకుంటుంది. వారంటీ ఉన్న బండికి అది కూడా గోవిందా.

చీపురుపల్లి_కుర్రోడు
సైలెన్సర్ సలహా వెనక్కి తీసుకుంటున్నాను లాయర్ గారూ. మరి పెడల్ బాక్సు? ఆన్‌లైన్‌లో ఉంది, పెట్టగానే బండి దూకుతుందట.

మెకానికల్_మేష్టారు
దూకుతుంది. పావు వంతు తొక్కితే సగం తొక్కినట్టు ఇంజన్‌కి చెబుతుంది, అంతే దాని పని. పూర్తిగా తొక్కినప్పుడు అది ఉన్నా లేనట్టే. ఘాట్‌లో మీరు పూర్తిగానే తొక్కుతారు.

టెక్కలి_గ్రానైట్
100 ఆక్టేన్ పెట్రోలు కొట్టించి చూశారా ఎవరైనా? మా ఫ్రెండు బండి గాల్లో తేలిందన్నాడు.

వంశధార_గట్టు
ఆక్టేన్ అంటే నాకింగ్‌ని తట్టుకునే శక్తి, పెట్రోల్లో దాచిన అదనపు పవర్ కాదు. మామూలు పెట్రోలుతో నాకింగ్ లేని ఇంజన్‌కి ఖరీదైనది పోస్తే మీ ఫ్రెండు పర్సు తేలికవుతుంది, బండి కాదు. నాకింగ్ వచ్చి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) స్పార్క్‌ని వెనక్కి జరుపుతున్న బండికైతే కొంచెం తేడా తెలియొచ్చు.

టెక్కలి_గ్రానైట్
మరి ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) వచ్చాక పికప్ పోయిందని అందరూ అంటున్నారుగా.

వంశధార_గట్టు
లీటరుకి లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజం. పవర్ అంతలా తగ్గదు, ఎందుకంటే సెన్సారు చూసుకుని ఈసీయూ ఎక్కువ కొడుతుంది. ఇంజెక్టర్లు మూసుకుపోయి ఉంటే మాత్రం ఆ ఎక్కువ కొట్టలేక చతికిలబడుతుంది. నెలల తరబడి కదలని బండ్లకి తేమ సమస్య వేరే ఉంది, ఇథనాల్ నీటిని లాగుతుంది.

గంటస్తంభం_72
షెడ్డుకి తీసుకెళ్లాను. బోనెట్_కింద గారు రాసింది ఫోన్‌లో చూపించి మరీ చేయించాను. వెనక ఎడమ చక్రం డ్రమ్ము పట్టేసి ఉంది, కేబుల్ తుప్పు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా గొట్టం మూతిలో కొబ్బరి పీచు, వేరుశనగ తొక్కలు. ఎలక ఎక్కడ తిందో, ఎక్కడ పడుకుందో మొత్తం సాక్ష్యం ఉంది. ప్లగ్గులు మూడు ఒక నంబరు, ఒకటి వేరే నంబరు! కంప్రెషన్ నాలుగూ దగ్గరదగ్గరగానే వచ్చాయి. కేబుల్, ఫిల్టరు, ప్లగ్గులు, థ్రాటిల్ క్లీనింగ్, లేబరుతో కలిపి రీమ్యాప్ వాడు అడిగిన దాంట్లో ఐదో వంతు కూడా కాలేదు.

ఆదివారం మళ్లీ ఘాట్‌కి వెళ్లాం, అందరితో. రెండో గేరు, 3500 నుంచి 4200 మధ్య పట్టుకుని ఎక్కించాను. మొదటి రెండు మలుపులు ఆ మోతకి ఇంట్లోవాళ్లు టెన్షన్ పడ్డారు, తర్వాత అలవాటైపోయి నిద్రపోయారు. టెంపరేచర్ ముల్లు కదల్లేదు. రాకెట్ అయిపోలేదు గానీ వెనక ఎవరూ హారన్ కొట్టలేదు.

పలాస_జీడిపప్పు
బాగానే ఉంది. కానీ పవర్ పెరిగిందని మాత్రం అనకండి. ఉన్నది వాడుకున్నారు.

మెకానికల్_మేష్టారు
@పలాస_జీడిపప్పు చివరికి మీరూ నేనూ ఒకే మాట అన్నాం. తేదీ రాసిపెట్టుకోవాలి.

బొబ్బిలి_వీణ
పనిలో పనిగా నాదొక డౌటు. 165/80 ఆర్14 తీసేసి 195/65 ఆర్15 అల్లాయ్‌లు వేయిద్దామనుకుంటున్నాను. గ్రిప్పు బాగుంటుందని షాపువాడు అంటున్నాడు. పికప్‌కి ఏమైనా?

బోనెట్_కింద
తగ్గుతుంది. మీ పాత టైరు ఎత్తు దాదాపు 620 మిల్లీమీటర్లు, కొత్తది 634. అంటే అన్ని గేర్లూ రెండు శాతం పైన పొడుగైనట్టు, స్పీడోమీటర్ కూడా ఆ మేరకు తక్కువ చూపిస్తుంది. పైగా వెడల్పు టైరు, బరువు చక్రం, రెండూ ఇంజన్ మీదే. 15 అంగుళాలే కావాలంటే 185/65 వేసుకోండి, ఎత్తు 621 వస్తుంది, సరిపోతుంది. అల్లాయ్ అంటేనే తేలిక అనుకోవద్దు, షాపులో కాటా మీద పెట్టించి చూడండి.

టెక్కలి_గ్రానైట్
20డబ్ల్యూ-50 ఆయిల్ పోస్తే ఇంజన్ మెత్తగా ఉంటుందని మా వీధి మెకానిక్ అంటాడు. పోయించనా?

బోనెట్_కింద
పాత అంబాసిడర్ అయితే పోయించండి. కొత్త ఇంజన్లకి మాన్యువల్లో రాసిన గ్రేడే. చిక్కటి ఆయిల్ తిప్పడానికే కొంత పవర్ పోతుంది, చలిలో స్టార్ట్ చేసినప్పుడు పైకి ఎక్కడానికి టైం తీసుకుంటుంది. మెత్తగా వినబడుతుందంటారా, అది వినడానికే.

సాలూరు_డీజిల్
ఎక్కడం గురించి ఇంత రాశారు, దిగడం గురించి ఒక్కరూ రాయలేదు. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేసి దిగేవాళ్లని ఘాట్‌లో చూస్తూనే ఉంటాం, కిందికొచ్చేసరికి బ్రేకుల్లోంచి కాలిన వాసన. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఈ కాలం ఇంజన్లు పెట్రోలే కొట్టవు, న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగకుండా ఉండాలని కొడతాయి. ఏ లెక్కన మిగిలినట్టు?

చీపురుపల్లి_కుర్రోడు
డీజిల్ మనిషి పెట్రోల్ బండికి సలహా ఇచ్చాడు. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

సాలూరు_డీజిల్
లారీకీ అదే బాబూ. గంటస్తంభం గారూ, ఆ వెనక డ్రమ్ము విప్పినప్పుడు వీల్ సిలిండర్ చూశారా? అన్నాళ్లు పట్టేసి వేడెక్కితే రబ్బరు గట్టిపడి లీకు మొదలవుద్ది.

గంటస్తంభం_72
చూడలేదు. రేపు మళ్లీ విప్పిస్తాను.